ఇరవై నాలుగు అంగుళాలు

"మీరు కాసేపు బయట కూర్చోండమ్మా" అంది డాక్టరమ్మ. అలాగేనండి అన్నాను, లేచాను, బ్యాగు పట్టీ కుర్చీ చేతికి చిక్కుకుంటే లాక్కున్నాను. అంతసేపూ మా పిడుగు వైపే చూస్తున్నాను, అమ్మ ఉండాలి అని ఇప్పుడంటుంది, ఇదిగో ఇప్పుడంటుంది అని. అనలేదు. బల్ల మీద పెన్నులు పెట్టుకునే డబ్బా వైపు చూస్తూ కూర్చుంది. పదకొండేళ్ళ పిల్ల. పోయినేడాది పంటి డాక్టరు దగ్గర నా చేతిలో గోళ్ళు దిగేలా పట్టుకుని, అమ్మ నోరు తెరిస్తేనే నేనూ తెరుస్తానని మొండికేసి నర్సు ముందు నాతో నోరు తెరిపించిన పిల్ల. అలాంటిది, నేను బయటికి వస్తుంటే దాని భుజాలు కిందికి దిగాయి, నేను చూశాను, బరువు దించుకున్నట్టు దిగాయి. నేను గదిలోంచి పోతే దానికి హాయిగా ఉంది. అది చూశాక తలుపు పక్క కుర్చీలోనే కూర్చున్నాను.

గోడ గడియారం పదకొండూ పది చూపిస్తోంది. పక్క కుర్చీలో ఒకాయన మోచేతి మీద మచ్చ గోక్కుంటున్నాడు, గోక్కోకండి అని కౌంటరమ్మాయి ఇందాకే ఒకసారి అరిచింది, మళ్ళీ మొదలుపెట్టాడు. ఆ తలుపు అంత మందంగా ఎందుకు పెట్టించుకున్నారో, ఒక్క ముక్క బయటికి రాదు. చెవి ఆనించి వినేదాన్నే, సిగ్గేముంది, కన్నతల్లిని, కానీ ఆ అమ్మాయి కళ్ళు నా మీదే ఉన్నాయి. లోపల ఏమడుగుతోంది ఆవిడ? నేనుండగా అడగకూడనిది ఏముంటుంది? ఇందాక తలంతా పాయలు పాయలుగా విడదీసి చూసింది, గుప్పెడు వెంట్రుకలు వేళ్ళ మధ్య పట్టి మెల్లిగా లాగింది, పదొచ్చాయి చేతిలోకి. మూడు నెలల కిందట పెద్ద జ్వరమేమైనా వచ్చిందా? రాలేదండి. తిండి మానేసిందా? లేదండి, తింటుంది, నన్ను కూడా తింటుంది. దేనికైనా బాగా భయపడిందా? దీనికి భయమేంటండీ, దీన్ని చూసి మేం భయపడాలి గానీ అని నవ్వాను. నవ్వింది నేనొక్కదాన్నే. ఆవిడ పిల్ల ముఖంలోకి చూసింది, పిల్ల పెన్నుల డబ్బా వైపు చూసింది, మీరు కాసేపు బయట కూర్చోండమ్మా అంది.

మూడు నెలల సంగతి ఆవిడ నాకు చెప్పాలా? పద్దెనిమిదేళ్ళుగా నా తిండి జుట్టు మీదే. విగ్గులు కట్టే చోట పని. బస్తాల్లో వచ్చిన జుట్టుని మేకుల పలక మీద దువ్వి, వేరు వైపంతా ఒక పక్క, కొస వైపంతా ఒక పక్క పెట్టి, పొడవుల వారీగా విడదీసి కట్టలు కట్టడం మొదట్లో నా పని. ఇప్పుడు వల లాంటి జాలీ మీద ఒక్కో వెంట్రుకా కొక్కెంతో లాగి ముడి వేస్తాను. పురుడు పోసుకున్న మూడో నెలలో ఎవరైనా జుట్టు అమ్మడానికొస్తే మా మేస్త్రమ్మ తీసుకోదు, ఇంకో ఆరు నెలలాగి రామ్మా అంటుంది. నేను చేరిన కొత్తలో ఎందుకని అడిగితే, ఒంటికి పెద్ద దెబ్బ తగిలినా మనసుకి తగిలినా జుట్టుకి ఆ రోజే తెలిసిపోతుంది, కానీ వెంటనే రాలదు, ఉన్న చోటే ఎదగడం మానేసి మూడు నెలలు ఊరికే కూర్చుంటుంది, ఆ తర్వాత గుత్తులు గుత్తులుగా వచ్చేస్తుంది అని చెప్పింది. ఇవాళ రాలే వెంట్రుక ఇవాళ్టి సంగతి చెప్పదే పిల్లా, మూడు నెలల కిందటి సంగతి చెప్తుంది అంది. అప్పుడది నాకు తమాషాగా అనిపించింది. ఇప్పుడు వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకుంటున్నాను.

దెబ్బ తగలకపోయినా రాలుతుంది, అది వేరే లెక్క. ప్రతి వెంట్రుకకీ ఓ గడువుంటుంది. కొందరికి రెండేళ్ళు, కొందరికి నాలుగు, కొందరికి ఏడు. అన్నాళ్ళూ నెలకి అరంగుళం చొప్పున పెరిగి, ఆగి, మూడు నెలలు అలా ఉండి, ఊడిపోతుంది, ఆ గుంటలోంచే కొత్తది మొదలవుతుంది. నాలుగేళ్ళ గడువు వాళ్ళకి ఇరవై నాలుగు అంగుళాలు దాటదు. కత్తెర తగలనివ్వకపోయినా దాటదు, తలకిందులుగా తపస్సు చేసినా దాటదు. ఏడేళ్ళ గడువు వాళ్ళకి మోకాళ్ళు దాటుతుంది. మా దగ్గరికి నలభై అంగుళాల కట్ట ఏడాదికి ఒకటో రెండో వస్తాయి, వచ్చిన రోజు అందరం పని ఆపి చేత్తో పట్టుకుని చూస్తాం. ఇదంతా మా పిడుగుకి నేనే చెప్పాను, ఎంత బుద్ధి తక్కువదాన్ని, చెప్పాను. దాని క్లాసులో ఒకమ్మాయికి మోకాళ్ళ దాకా జడ. దాన్ని దాటాలని దీని పంతం. వంటింటి తలుపు పక్కన గోడకి ఆనుకుని నిలబడి, పెన్సిలుతో జడ కొస ఎక్కడికొచ్చిందో గీత గీయించుకునేది నెలనెలా. మనిషి పొడుగవుతోందే కానీ జడ కాదు, రెండేళ్ళుగా అదే పొడుగు, టేపు పెట్టి కొలిస్తే ఇరవై నాలుగు. ఏడ్చింది. గుడ్డు రాయమంది, ఉల్లిపాయ రసం రాయమంది, ఇల్లంతా కంపు. ఒకరోజు నాకు విసుగొచ్చి చెప్పేశాను, మనింటి జుట్టు ఇంతేనే తల్లీ, మీ అమ్మమ్మదీ ఇంతే, నాదీ ఇంతే, నీదీ ఇంతే, ఎన్నాళ్ళుండాలో వేర్లోనే రాసుంటుంది, టైమైతే ఎవరేం చేసినా ఆగదు అని. బిత్తరపోయి చూసింది. నిజంగా ఎవరేం చేసినా ఆగదా అని రెండోసారి అడిగింది. ఆగదు, పో, పోయి చదువుకో అన్నాను. ఆ తర్వాత గీతలు గీయించుకోలేదు.

పదకొండూ పద్దెనిమిది. ఇంకా రారేంటి. రాలిన జుట్టు మొదట చూసింది దిండు మీద. ఆ తర్వాత స్నానాల గదిలో నీళ్ళు పోయే చోట ఉండలా. పోనీలే అనుకున్నాను, రోజుకి అరవై డెబ్బై ఎవరికైనా పోతాయి. కానీ చేతి వృత్తి ఊరుకోనిస్తుందా, తెల్లటి పంచె ముక్క పరిచి దాని మీద కూర్చోబెట్టి తల దువ్వడం మొదలుపెట్టాను, రాలినవన్నీ ఏరి లెక్కపెట్టి దారంతో కట్టి, తేదీ రాసి డబ్బాలో పెట్టాను. నూట పది. నూట ఎనభై. మొన్న సోమవారం రెండొందల పద్నాలుగు. ప్రతిదాని మొదట్లో తెల్లటి చుక్క, గడువు తీరి తనంతట తను ఊడిన వెంట్రుకకే ఉంటుందా చుక్క, ఎవరో పీకితే ఉండదు. పీకలేదన్న మాట, అదొక్కటే ఊరట. ఆ తర్వాత పొడవులు కొలిచాను. ఇరవై నాలుగు ఉండాల్సినవి పన్నెండు, తొమ్మిది, పదకొండు. నాలుగేళ్ళు పెరగాల్సినవి రెండేళ్ళకే సర్దుకుని వచ్చేశాయి. తలలో సగం వెంట్రుకలకి ఒక్కసారే ఎవరో పని ఆపించారు. దువ్వుతుంటే నొప్పమ్మా అని అరిచి శాపనార్థాలు పెట్టేది ఇదివరకు, ఇప్పుడు గుడ్డ మీద పడేవాటి వైపు చూస్తుంటుంది అంతే. ఎన్ని అమ్మా అంటుంది. తక్కువేలే అంటాను. నా ముఖం చూస్తుంది.

సరే, మూడు నెలలు వెనక్కి. వెళ్ళాను, వారం నుంచీ వెళ్తూనే ఉన్నాను. ఆ రోజుల్లో నాటకాల కంపెనీ వాళ్ళకి నలభై విగ్గులు, గడువు దగ్గరపడి నేను ఇంటికొచ్చేసరికి ఏడయ్యేది. వాళ్ళ నాన్న లారీ మీద వారంలో ఐదు రోజులు రోడ్డు మీదే. బడి మూడున్నరకి వదుల్తారు. మూడున్నర నుంచి ఏడు దాకా నా కూతురు ఎక్కడుంది? పై అంతస్తు లెక్కల మాస్టారి దగ్గర ఒక గంట. ఆయనకి డెబ్బై ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు, వాళ్ళావిడ పక్కనే కూర్చుని అల్లిక అల్లుకుంటుంది, తలుపు బార్లా తెరిచే ఉంటుంది, ఛీ, నాకు కళ్ళు పోతాయి అలా అనుకుంటే. అయినా అనుకున్నాను. మొన్న మెట్ల మీద ఆయన, పిల్ల చిక్కిపోయిందమ్మా అంటే ఆయన చేతుల వైపు చూశాను. మిగతా రెండున్నర గంటలు? అప్పుడే కదా మా తమ్ముడు వచ్చి పది రోజులున్నాడు, ఉద్యోగం పోయి, నాలుగు ఇంటర్వ్యూలు చూసుకుంటానని. వాడు ఇంట్లో ఉన్నాడులే, పిల్లకి తోడు అని నేను నిశ్చింతగా ఉన్నాను. నిశ్చింతగా!

వద్దు, ఆ ఆలోచన వద్దు. వాణ్ణి ఎత్తుకు పెంచాను, అమ్మ పోయినప్పుడు వాడికి పద్నాలుగు, వాడి బడి చొక్కాకి గుండీలు కుట్టింది నేను. కానీ ఆ సాయంత్రం ఒకటి ఉంది, ఎటు తిప్పుకున్నా బుర్ర దాని దగ్గరికే పోతోంది. తలుపు తీసుకుని లోపలికొచ్చాను, ఇంట్లో లైటు వెయ్యలేదు, ఇద్దరూ బాల్కనీలో నిలబడి ఉన్నారు, వాడి చెయ్యి దాని తల మీద, వాడు ముఖం అటు తిప్పుకుని ఉన్నాడు. నేను చెప్పులు విడవగానే మాట ఆపేశారు. ఏంట్రా చీకట్లో అన్నాను. ఏం లేదక్కా అని వాడు బాత్రూములోకి పోయి కుళాయి తిప్పి ఎంతసేపటికీ రాలేదు. ఇది అన్నం వద్దని పడుకుంది. నేను అలసిపోయి ఉన్నాను, నా గొడవలో నేనున్నాను, పట్టించుకోలేదు. మర్నాడు కాదు, ఆ మర్నాడు వాడు ఊరెళ్ళిపోయాడు, ఇంకో ఇంటర్వ్యూ ఉందన్నవాడు ఉన్నపళంగా. డబ్బాలో మొదటి కట్ట మీద తేదీ చూసి వెనక్కి లెక్కేస్తే సరిగ్గా ఆ వారమే. సరిగ్గా ఆ వారమే, దేవుడా.

ఫోను తీశాను. నా చేతులు ఒక్క వెంట్రుకని కొక్కెంలో తడబడకుండా దూరుస్తాయి, వాడి నంబరు నొక్కడానికి రెండుసార్లు తప్పాయి. మూడోసారికి ఎత్తాడు. "ఏంటక్కా, ఈ టైములో? పనికెళ్ళలేదా?" అదే గొంతు, ఎప్పుడూ సగం నిద్రలో ఉన్నట్టుండే గొంతు. అడుగు. అడుగు, నా కూతుర్నేం చేశావురా అని అడుగు. "ఏం లేదురా, తిన్నావా?" అన్నాను. "ఇప్పుడే తిన్నా. అక్కా, నువ్వు బానే ఉన్నావా?" అన్నాడు. "నాకేం, గుండ్రాయిలా ఉన్నా" అన్నాను. "పిడుగు ఎలా ఉంది?" అన్నాడు, నేను ఫోను పెట్టేశాను. మచ్చాయన నా వైపు చూసి గోక్కోవడం ఆపాడు, నేను ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది. కొంగుతో తుడుచుకున్నాను. తప్పు వాడిదైతే వాణ్ణి చంపుతాను. వాడిది కాకపోతే, ఇలా అనుకున్నందుకు నేను చావాలి.

ఆ వారం నా గొడవ అన్నాను కదా, అది ఏం లేదు, అది నాది. స్నానం చేస్తుంటే ఎడమ పక్క రొమ్ము కింద గోలీకాయంత గట్టిగా తగిలింది. సగం రోజు సెలవు పెట్టి ఎవరికీ చెప్పకుండా వెళ్ళాను, సూదితో చిన్న ముక్క తీశారు, వారం తర్వాత ఈ చీటీ తెచ్చి రిపోర్టు తీసుకెళ్ళమ్మా అన్నారు. మా అమ్మకీ అక్కడే. నలభై రెండేళ్ళకి. ఆవిడ రిపోర్టు తెచ్చుకున్న రోజు నుంచీ ఇంట్లో ఆ కాగితమే మాట్లాడింది, అమ్మ మాట్లాడలేదు, ఎనిమిది నెలలు, పోయేదాకా. నాకిప్పుడు నలభై ఒకటి. వారమైంది, వెళ్ళలేదు. నలభై విగ్గులు అయ్యాక వెళ్దామనుకున్నాను, అయ్యాయి, వెళ్ళలేదు. వాళ్ళు ఫోన్ చేసి చెప్తారేమోనని ఆ రోజు నా ఫోను నంబరు ఆఖరి అంకె మార్చి రాశాను, ఎవరికి తెలుసు ఎందుకు రాశానో, చెయ్యి అలా రాసేసింది. చీటీ బ్యాగు లోపలి అరలో ఉంది. పనిచోట నా పక్క పీటావిడ మొన్న, నీ పాపిడి వెడల్పవుతోందే అంది, వయసు మీద పడుతోందిలే అన్నాను. పిల్ల తల రోజూ లెక్కపెట్టాను, నా దువ్వెన వైపు చూసుకోలేదు. అయినా అది వేరే విషయం, ఇది వేరే విషయం, దానికీ పిల్లకీ సంబంధం ఏంటి, దానికి తెలిస్తే కదా. ముందు ఈ తలుపు తెరుచుకోనీ, ఈ గండం గడవనీ, నా సంగతి తర్వాత చూద్దాం.

"రండమ్మా, పిలుస్తున్నారు" అంది కౌంటరమ్మాయి. పదకొండూ ముప్పై ఐదు. లేచాను. లోపలికి వెళ్ళాను. పిడుగు ముక్కు ఎర్రగా ఉంది, ఒళ్ళో కాగితం రుమాళ్ళు ఉండలు చుట్టి ఉన్నాయి. పెన్నుల డబ్బా ఇప్పుడు దాని చేతిలో ఉంది. డాక్టరమ్మ కుర్చీ చూపించింది. "మీ పాప మీతో ఒక మాట చెప్పాలట. మీరు మధ్యలో కోప్పడకుండా వినాలి" అంది. కుర్చీ దాని వైపు జరుపుకుని కూర్చున్నాను.

"తిట్టకూడదు" అంది పిడుగు.

"తిట్టనే తల్లీ, ఒట్టు. ఎవరే? ఎవరేం చేశారు నిన్ను?"

"ఎవరూ ఏం చెయ్యలేదు."

"మామయ్యా?" అనేశాను. నోట్లోంచి వచ్చేసింది, ఇక వెనక్కి పోదు.

అది నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "మామయ్యేం చేస్తాడు? నేనే అడిగా మామయ్యని. అమ్మమ్మకి ఎక్కడొచ్చిందీ అని. చెప్పి ఏడ్చాడు. ఎందుకడుగుతున్నావే అన్నాడు, ఊరికే అన్నా." డబ్బాలో పెన్నులు ఒక్కొక్కటీ తీసి మళ్ళీ పెడుతోంది. "పెన్సిల్ చెక్కేది కావాలని నీ బ్యాగులో వెతికా. చీటీ కనిపించింది. దాని మీద ఎక్కడ తీశారో రాసుంది."

గదిలో పంకా తిరుగుతోంది. బల్ల మీద కాగితాలు లేచి పడుతున్నాయి. నాకు ముందు వచ్చింది ఊరట, సిగ్గు లేకుండా చెప్తున్నాను, అమ్మయ్య, ఎవరూ దీన్ని ముట్టుకోలేదు, నా తమ్ముడు నా తమ్ముడే. ఆ వెంటనే లెక్క గుర్తొచ్చింది. మూడు నెలలు. ఇది బడికి వెళ్ళింది, ఎక్కాలు అప్పజెప్పింది, నా పక్కన కూర్చుని అన్నం తింది. తెల్లారకముందే లేచొచ్చి నా మంచం మీద ఒదిగి పడుకునేది ఈ మధ్య, నా ముఖానికి దగ్గరగా ముఖం పెట్టి, ఊపిరి తగిలి నేను కసురుకునేదాన్ని. పెద్దదానివయ్యావు, అవతలికి జరుగు అనేదాన్ని.

"ఎందుకు చెప్పలేదే నాకు?"

"చెప్తే మాత్రం?" అంది. "నువ్వే అన్నావుగా. వేర్లోనే రాసుంటుంది, మనింట్లో ఇంతే, టైమైతే ఎవరేం చేసినా ఆగదు అని. రెండుసార్లు అడిగా. ఆగదు అన్నావు. అమ్మమ్మది నలభై రెండు. నీకు నలభై ఒకటి."

"అది జుట్టు గురించి కదే! మనుషుల గురించి కాదే నా తల్లీ, వెంట్రుకకి మందు లేదు గానీ దీనికి మందుంది, డాక్టర్లున్నారు, మీ అమ్మమ్మప్పటి రోజులా ఇవి? తొందరగా చూపించుకుంటే తగ్గిపోతుంది, అందరికీ తెలుసు ఆ మాట" అన్నాను గబగబా, ఒక్క గుక్కలో, పనిచోట పొద్దున్నే రేడియోలో చెప్పేవాళ్ళలాగా.

"మరి నువ్వెందుకు తెచ్చుకోలేదు రిపోర్టు?"

డాక్టరమ్మ నా వైపు చూడకుండా కాగితం మీద ఏదో గీస్తోంది.

"చీటీ ఇస్తేనే ఇస్తారు. రోజూ బడికి పోయేముందు చూశా. ఇంకా ఉంది. నేను ల్యాబుకి ఫోన్ కూడా చేశా, మీ అమ్మగారే రావాలి పాపా అన్నారు. ఆగేదైతే నువ్వు వెళ్ళేదానివిగా."

ఏం చెప్పను? పని ఒత్తిడి అని చెప్పనా, మర్చిపోయానని చెప్పనా? అబద్ధాలన్నీ వరసగా నోటి దాకా వచ్చాయి, దాని తల వైపు చూశాను, పాపిడి పక్కన రూపాయంత మేర చర్మం తెల్లగా కనిపిస్తోంది. "భయమేసిందే" అన్నాను. ఆ మాట నేను బయటికి అనడం అదే మొదటిసారి. అది తల ఊపింది, అదేదో తనకి ఎప్పుడో తెలిసినట్టు.

"నాకూ" అంది.

"పాప జుట్టుకేం కాదమ్మా" అంది డాక్టరమ్మ ఫోను దగ్గరికి లాక్కుంటూ. "మళ్ళీ వస్తుంది, కొన్ని నెలలు పడుతుంది. ముందు మీది చూడాలి. ఆ ల్యాబు వాళ్ళు నాకు తెలుసు, రిపోర్టు వాళ్ళ దగ్గరే ఉంటుంది, ఇప్పుడే ఫోన్ చేసి తెప్పిద్దాం. చీటీ నంబరెంత?"

"చీటీ ఇంట్లో ఉందండి. రేపు తెస్తాను" అన్నాను, ఒళ్ళో బ్యాగు జిప్పు మీద చెయ్యి నొక్కిపెట్టుకుని.

పిడుగు నా చెయ్యి వైపు చూసింది. డబ్బా బల్ల మీద పెట్టేసి, డాక్టరమ్మ వైపు తిరిగి, "నాలుగు సున్నా ఏడు ఏడు మూడు ఒకటి తొమ్మిది" అని ఎక్కం అప్పజెప్పినట్టు తడుముకోకుండా చెప్పింది.

ఆవిడ రాసుకుంది. "ఇంకోసారి చెప్పమ్మా" అంది.

అది ఇంకోసారి చెప్పింది.